పాఠకుల ప్రశ్నలు: ఇంటికి బరువవుతున్న ఓటీటీ చందాలు

ప్రశ్న: మేము బెంగళూరులోని మారతహళ్ళిలో ఉంటున్నాము. మా అత్తగారు తెలుగు సీరియళ్ళు, మావారు క్రికెట్, పిల్లలు సినిమాలు చూస్తారు. ఒక్కొక్కరి కోసం ఒక్కొక్కటిగా తీసుకున్న ఓటీటీ చందాలు ఇప్పుడు అయిదయ్యాయి. ధరలు పెరుగుతున్నాయి, డబ్బు కట్టినా మధ్యలో ప్రకటనలు వస్తున్నాయి. అన్నీ మానలేము, అన్నీ మోయలేము. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి, బెంగళూరు

జవాబు: అమ్మా, ధరలన్నీ ఒకే తీరున పెరగలేదు కాబట్టి ముందు వాటిని విడివిడిగా చూద్దాం. 2021 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ తన బేసిక్ ప్లాన్‌ను నెలకు 499 రూపాయల నుంచి 199కి తగ్గించింది. సరిగ్గా అదే నెలలో అమెజాన్ ప్రైమ్ ఏడాది రుసుము 999 నుంచి 1,499కి పెరిగింది. 2025 జూన్ నుంచి ప్రైమ్ వీడియోలో ప్రకటనలు కూడా మొదలయ్యాయి. అవి వద్దనుకునేవారు ఏడాదికి మరో 699 రూపాయలు చెల్లించాలన్నారు. 2016లో 499 రూపాయలకు మన దేశానికి వచ్చిన ప్రైమ్ చందా, వస్తువుల డెలివరీ సౌకర్యం అందులోనే ఉందనుకున్నా, ప్రకటనలు లేకుండా చూడాలంటే 2,198 రూపాయలకు చేరిందన్నమాట. క్రికెట్ సంగతీ ఇంతే. 2023 నుంచి అయిదేళ్ళ ఐపీఎల్ డిజిటల్ హక్కులను వయాకామ్18 సంస్థ 23,758 కోట్ల రూపాయలకు దక్కించుకొని, తొలి రెండేళ్ళు జియోసినిమాలో అందరికీ ఉచితంగా చూపించింది. అంత పెట్టుబడి పెట్టినవారు ఎల్లకాలం ఉచితంగా ఇవ్వలేరు. 2025 ఫిబ్రవరిలో జియోసినిమా, హాట్‌స్టార్ కలిసి జియోహాట్‌స్టార్‌గా ఏర్పడ్డాక ఆ ఆటలు చందా కిందికి వచ్చాయి.

మీ ఇంట్లో అసలు ఖర్చు సీరియళ్ళ దగ్గరే ఉందని నాకు అనిపిస్తోంది. స్టార్ మా సీరియళ్ళు జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో, జెమినివి సన్ నెక్స్ట్‌లో ఉంటాయి. పెద్దావిడ ఒక్కరి కోసం నాలుగు చందాలు కట్టడం కన్నా మీ కేబుల్ లేదా డీటీహెచ్ వారిని అడిగి ఆ తెలుగు ఛానెళ్ళను విడిగా వేయించుకోవడం చవక. బెంగళూరులో కేబుల్ ఆపరేటర్ కన్నడ ప్యాక్ ఇచ్చి ఊరుకున్నా, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం 2019 నుంచి కావలసిన ఛానెల్‌ను విడిగా ఎంచుకునే హక్కు మీకుంది. నెట్‌వర్క్ రుసుము వేరుగా పడుతుందని మాత్రం గుర్తుంచుకోండి. సీరియల్ వేళకు రిమోట్ చేతపట్టుకొని, ఇది ఏ యాప్‌లో వస్తుందిరా అని మనుమణ్ణి పిలవవలసిన అవస్థా ఆమెకు తప్పుతుంది. పెద్దవాళ్ళకు ఆ స్వాతంత్ర్యం చాలా విలువైనదని నా నమ్మకం.

పిల్లల సినిమాలకు ఏడాది చందా అక్కరలేదు. నెలకు ఒక యాప్ తీసుకొని, చూడదలచినవి చూసి, మరుసటి నెల ఇంకొకటి తీసుకోండి. నెట్‌ఫ్లిక్స్‌లో చేరిన రోజే రద్దు నొక్కినా, కట్టిన నెల పూర్తయ్యేవరకు చూడవచ్చు. ఇంట్లో ఒక్క టీవీ మీదే చూసేవారికి 199 రూపాయల బేసిక్ ప్లాన్ సరిపోతుంది. రెండు తెరలకు అనుమతించే 499 రూపాయల ప్లాన్‌తో పోలిస్తే ఏడాదికి 3,600 రూపాయలు మిగులుతాయి. వేరే ఊళ్ళో ఉన్న తమ్ముడితోనో మరిదితోనో పాస్‌వర్డ్ పంచుకుందామంటే, 2023 జులై నుంచి నెట్‌ఫ్లిక్స్ ఒక ఖాతాను ఒకే ఇంటివారికి పరిమితం చేసింది. ఇంటర్నెట్ బిల్లులోనో ఫోన్ రీఛార్జిలోనో కొన్ని ఓటీటీలు కలిసి వస్తుంటాయి. ఇప్పటికే అందులో వస్తున్నదానికి మళ్ళీ విడిగా డబ్బు కడుతున్నారేమో ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: ఫోన్‌లోంచి ఓటీటీ యాప్ తీసేసినా నాన్నగారి ఖాతా నుంచి ఏడాది చందా మళ్ళీ కట్ అయింది. ఇది న్యాయమేనా?
– ఒక పాఠకుడు, కె.ఆర్. పురం, బెంగళూరు

జవాబు: యాప్ తీసేసినంత మాత్రాన చందా రద్దు కాదు. చేరినప్పుడు అనుమతించిన ఆటోపే, అంటే గడువు రాగానే డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు, అలాగే ఉండిపోతుంది. అందుకని ఖాతాలోకి వెళ్ళి చందా రద్దు చేయడంతో పాటు, యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగంలో ఆ సంస్థ పేరు ఎదుట ఉన్న అనుమతినీ తొలగించాలి. కార్డుతో కట్టి ఉంటే ఆ పని బ్యాంకు వద్ద చేసుకోవాలి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2021 అక్టోబరు నుంచి ఇటువంటి కోతకు కనీసం 24 గంటల ముందు సమాచారం ఇవ్వాలి. అది నాన్నగారి నంబరుకు వచ్చి, మిగతా సందేశాల మధ్య ఆయన కంట పడకపోయి ఉండవచ్చు. ముందుగా ఆ ఫోనులో వెతకండి.

రద్దు చేసే దారిని దాచిపెట్టడం, కావాలని క్లిష్టం చేయడం మాత్రం అన్యాయమే. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ప్రకటించిన మార్గదర్శకాలు అటువంటి చందా ఉచ్చును నిషేధించాయి. ముందు ఆ సంస్థకే రాసి డబ్బు తిరిగి అడగండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. డబ్బు కట్ అయిన సందేశం, ఖాతాలో రద్దు చేసినట్టు చూపే స్క్రీన్‌షాట్, సంస్థకు మీరు రాసిన ఉత్తరం ఫిర్యాదుతో జతచేయండి.