మంట చూడకుండా మోడల్ రాయొచ్చా?

ప్రశ్న: కెమికల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. ప్లాస్టిక్‌లు ఎంత తేలిగ్గా అంటుకుంటాయో ల్యాబ్‌లో పరీక్షించి, ఆ మంటను కంప్యూటర్‌లో మోడల్ చేసే ప్రాజెక్టు ఇస్తామని మా గైడ్ అంటున్నారు. నాకు కోడింగ్ ఇష్టం, ల్యాబ్ అంటే విసుగు. మోడలింగ్ ఒక్కటే తీసుకోవచ్చా? ఆ పొగ పీలుస్తానని అమ్మకు టెన్షన్. అసలు దీనికి ఉద్యోగాలుంటాయా?

జవాబు: ప్రాజెక్టు తీసుకోండి. ల్యాబ్ వదిలేస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను.

'ఈ ప్లాస్టిక్ మండుతుందా' అని ఎవరైనా అడిగితే, 'ఏ పరీక్షలో' అని ఎదురు అడగాల్సిన రంగం ఇది. ప్లాస్టిక్‌ల మంటకు అమెరికా సంస్థ యూఎల్ పెట్టిన ప్రమాణం యూఎల్ 94లోని నిలువు పరీక్షనే చూడండి. 125 మిల్లీమీటర్ల పొడవున్న సన్నటి ముక్కను వేలాడదీసి, కింది నుంచి 10 సెకన్ల చొప్పున రెండుసార్లు మంట పెడతారు. ప్రతిసారీ 10 సెకన్లలోపు ఆరిపోవాలి, అయిదు ముక్కల మంటా కలిపి 50 సెకన్లు దాటకూడదు, మండుతూ రాలిన చుక్కలతో కింద పెట్టిన దూది అంటుకోకూడదు. అప్పుడే ఆ పరీక్షలో అన్నిటికన్నా మెరుగైన వి-0 గ్రేడు. అదే ప్లాస్టిక్‌ను ఇంకా పల్చగా చేస్తే ఆ గ్రేడు పోవచ్చు. కొన్ని రకాలైతే కరిగి కిందికి జారిపోతూ వేడిని తమతో తీసుకుపోతాయి కాబట్టి చిన్న మంటకు తట్టుకుంటాయి. పెద్ద మంటల్లో ఆ కరిగిందే నేల మీద మడుగు కట్టి మండుతుంది. ఇది ఒక్కసారి కళ్లారా చూస్తే, కరిగి జారడాన్ని లెక్కలోకి తీసుకోని మోడల్‌ను మీరు ఇక నమ్మరు.

మీ ప్రాజెక్టులో అసలు సరుకు కోన్ కెలోరీమీటర్ దగ్గర ఉంటుంది. 1980ల మొదట్లో అమెరికాలో బాబ్రౌస్కాస్ అనే పరిశోధకుడు రూపొందించిన పరికరం ఇది. పది సెంటీమీటర్ల చదరపు ముక్క మీద పైనుంచి వేడి ప్రసరింపజేసి, అది మండేటప్పుడు ఎంత ఆక్సిజన్ ఖర్చయిందో కొలుస్తారు. కిలో ఆక్సిజన్ ఖర్చయితే దాదాపు 13.1 మెగాజౌళ్ల వేడి వచ్చినట్టు లెక్క. చాలా పదార్థాలకు ఈ అంకె ఇంచుమించు ఒకటే కావడం మన అదృష్టం. వేడి ఎంత వేగంగా వెలువడుతోందో చెప్పే వక్రరేఖ ఇందులో వస్తుంది. మీ మోడల్ సరిపోల్చుకోవాల్సింది దాంతోనే.

ఇక్కడ కోడింగ్ వాళ్లు పడే గుంట ఒకటుంది. యాక్టివేషన్ ఎనర్జీ (ప్లాస్టిక్ విడిపోయే చర్య జరగడానికి కావాల్సిన కనీస శక్తి), ఉష్ణ వాహకత, కాలేటప్పుడు పైన ఏర్పడే బొగ్గు పొర మందం వంటివన్నీ కాస్త అటూఇటూ తిప్పితే వక్రరేఖ చక్కగా కలుస్తుంది. వేరే అంకెల సెట్టుతోనూ అంతే చక్కగా కలుస్తుంది! వేడి తీవ్రతో, ముక్క మందమో మార్చి చూసినప్పుడు గానీ ఏది తప్పో బయటపడదు. మంట ఆరాక పొర పగిలిందా, ఉబ్బిందా అని ముక్కను తిప్పి చూసినవాళ్లకు ఆ తప్పు ముందే పట్టుబడుతుంది.

మెషీన్ లెర్నింగ్ చేద్దామనుకుంటే ముందు డచ్ శాస్త్రవేత్త వాన్ క్రెవెలెన్ 1975లో ఇచ్చిన సూత్రం చూడండి. ప్లాస్టిక్‌ను వేడితో విడగొడితే మిగిలే బొగ్గు శాతాన్ని 0.4తో గుణించి 17.5 కలిపితే, అది మండుతూ ఉండటానికి కావాల్సిన కనీస ఆక్సిజన్ శాతం ఉజ్జాయింపుగా వస్తుంది. క్లోరిన్, బ్రోమిన్ ఉన్నవాటికి ఇది పనిచేయదు. మీ ప్రోగ్రామ్ ఈ ఒంటి వరుస సూత్రాన్ని ఓడించలేకపోతే ఇంకా పని మిగిలే ఉంది.

ఉద్యోగాల మాటకొస్తే కేబుళ్లు, విమానాల లోపలి ప్యానెళ్లు, రైలు పెట్టెలు, విద్యుత్ వాహనాల బ్యాటరీ పెట్టెలు తయారుచేసేవాళ్లకు, మంటను అడ్డుకునే రసాయనాలు చేసేవాళ్లకు, సర్టిఫికేషన్ ల్యాబ్‌లకు ఈ మనుషులు కావాలి. తలుపులు బార్లా తెరిచి ఉన్న రంగమని చెప్పను. ప్రకటనల్లో ఈ పేరుతో ఉద్యోగం కనిపించడమూ అరుదే, ఎక్కువగా పాలిమర్ లేదా ప్రొడక్ట్ సేఫ్టీ పేరుతోనే ఉంటాయి. పైచదువుకైతే మేరీల్యాండ్, ఎడిన్‌బరో, లుండ్ విశ్వవిద్యాలయాల్లో అగ్ని భద్రత ఇంజినీరింగ్ కోర్సులున్నాయి. ఈలోగా అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఉచితంగా ఇచ్చే ఎఫ్‌డీఎస్ అనే, మంటను కంప్యూటర్‌లో మోడల్ చేసే సాఫ్ట్‌వేర్‌ను దించుకుని సాధన చేయండి.

మీ అమ్మగారి భయం ఉత్తదేం కాదు. పీవీసీ తేలిగ్గా అంటుకోకపోయినా, కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన ఆమ్ల వాయువును వదులుతుంది. గైడ్‌తో సరేననే ముందు ల్యాబ్‌కు వెళ్లి, పొగ లాగే హుడ్ పనిచేస్తోందో లేదో చూడండి. చివరిసారి దాన్ని ఎప్పుడు తనిఖీ చేశారో అడగండి. ఎవరూ చెప్పలేకపోతే, అది తేలేదాకా అక్కడ ఏదీ కాల్చకండి.