కారు దించాలంటే ముందు షాకబ్జర్బర్లు చూడండి

ప్రశ్న: నాది 2017 మోడల్ స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ 230. 72 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ గచ్చిబౌలి నుంచి ఉప్పల్‌కి ఇందులోనే వెళ్లొస్తాను. ఔటర్ రింగ్ రోడ్డు దిగే మలుపుల్లో కారు పక్కకు వాలిపోతోంది. 40 మి.మీ. దించే స్ప్రింగులు వేస్తే సరిపోతుందని షాపువాళ్లు అంటున్నారు. స్నేహితులేమో కాయిలోవర్లు (మరల మీది రింగు తిప్పి ఎత్తు మార్చుకోగల స్ప్రింగు, షాకు జంట) వేయించమంటున్నారు. ఏది మంచిది?
*– హైదరాబాద్ పాఠకుడు*

జవాబు: స్ప్రింగుల సంగతి తర్వాత, ముందు షాకబ్జర్బర్లు చూపించండి. మన రోడ్ల మీద 70 వేలు తిరిగిన షాకులు బయటికి నూనె కారకపోయినా లోపల పట్టు తగ్గి ఉంటాయి. మీరు చెప్పిన వాలుడులో కొంత దాని వల్లే. స్ప్రింగు ఎంత గట్టిదైతే, అది తిరిగి లేచేటప్పుడు ఆపడానికి షాకులో అంత బలం కావాలి. అలసిన షాకు మీద గట్టి స్ప్రింగు వేస్తే గుంత దాటాక కారు రెండు మూడుసార్లు ఎగిరి గానీ నిలవదు. మలుపు మధ్యలో అతుకు వచ్చిందంటే వెనక భాగం పక్కకు జరిగినట్టు అనిపిస్తుంది.

ఇక ఆ 40 మి.మీ. మాట. చాలా స్ప్రింగుల పెట్టె మీద రాసే అంకె మామూలు ఆక్టావియాను లెక్కలోకి తీసుకుని రాసింది. ఆర్‌ఎస్ అనే ఈ స్పోర్ట్ రకం ఫ్యాక్టరీ నుంచే కాస్త కిందికి వస్తుంది కాబట్టి మీకు దిగేది అంతకన్నా తక్కువే. ఆర్‌ఎస్‌కి వేరే పార్ట్ నంబరు ఉంటుంది, దాన్నే అడగండి. రోజువారీ కారుకి అసలు దిగుడు 20–25 మి.మీ. దాటకూడదని మా గట్టి అభిప్రాయం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. కాలనీల్లో వేసేవి అలా ఉండవు. ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ. ఆక్టావియా ముందు, వెనక చక్రాల మధ్య దూరం సుమారు 2.7 మీటర్లు. అలాంటి మొనదేలిన దిబ్బ మీద నలుగురితో వెళ్తే కారు పొట్ట తగులుతుంది.

కారు దిగిందంటే షాకు లోపలికి వెళ్లే దూరం అంతమేర తగ్గిందన్నమాట. షాకు రాడ్డు మీద బంప్ స్టాప్ అనే మెత్తటి దిమ్మ ఉంటుంది. ఎక్కువ దించిన కారు చిన్న గుంతకే ఆ దిమ్మ మీద కూర్చుంటుంది. "స్ప్రింగులు మరీ గట్టిగా ఉన్నాయి" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి అసలు కారణం ఇదే. అందుకే దించిన కారుకి కురచ బాడీ షాకులు వేరేగా చేస్తారు. బిల్‌స్టీన్ కంపెనీ షాకుల్లో బీ6 ఫ్యాక్టరీ స్ప్రింగుల కోసం, బీ8 దించే స్ప్రింగుల కోసం. రెంటినీ కలగాపులగం చేయొద్దు.

మీ వాడకానికి కొద్దిగా దించే స్ప్రింగులు, వాటికి సరిపోయే కురచ షాకులు చాలు. ఎత్తు మార్చుకోవడం, ట్రాక్ మీదికి వెళ్లడం మీ లెక్కలో లేకపోతే కాయిలోవర్లు అక్కర్లేదు. వానాకాలం బురద వాటి మరల్లో చేరి గట్టిపడితే రింగు కదలదు. వేయించక తప్పదనుకుంటే మరలకు పట్టేయకుండా ఉంచే యాంటీ సీజ్ పూయించండి, ఏడాదికోసారి కడిగించండి. ఎత్తు మాత్రం మరల చివరిదాకా దించేయకండి.

షాకులు విప్పినప్పుడే ముందు టాప్ మౌంట్లు (షాకు పైకొసను బాడీకి పట్టే దిమ్మలు), వాటి బేరింగులు, బంప్ స్టాపులు, డస్ట్ బూట్లు, స్టెబిలైజర్ లింకులు (కారు వాలకుండా ఆపే కడ్డీని చక్రాల వైపు కలిపే చిన్న ముక్కలు) కొత్తవి వేయించండి. మళ్లీ విప్పితే కూలీ రెండోసారి కట్టాలి. ఈ కార్లలో సస్పెన్షన్ బోల్టులు చాలావరకు ఒకసారి బిగించడానికే పనికొస్తాయి. చెప్పిన బిగింపు బలం (టార్క్) పట్టి, ఆపైన కొన్ని డిగ్రీలు తిప్పే రకం అవి. పాతవే తిరిగి బిగించనివ్వకండి.

పని మొదలుపెట్టే ముందే ప్రతి చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. జాక్ మీద చక్రాలు వేలాడుతుండగా చక్రాన్ని పట్టే ఆర్మ్‌ల బోల్టులను చేత్తో బిగిస్తే చాలు. కింద జాక్‌తో హబ్‌ను (చక్రం బిగించే భాగాన్ని) పైకెత్తి, కారు నేల మీద నిలబడ్డప్పుడు ఉండే ఎత్తుకి తెచ్చాకే చివరి బిగింపు. ఆర్మ్ కీలు దగ్గరి బుష్‌లోని రబ్బరు ఆ బిగింపు దగ్గర పట్టుకుంటుంది. వేలాడుతున్నప్పుడే బిగిస్తే కారు దించిన క్షణం నుంచే రబ్బరు మెలితిరిగి ఉంటుంది. అలా కొన్ని నెలల్లోనే చిరుగుతుంది. ఎక్కువ షెడ్లలో ఈ ఒక్క పనే చేయరు. మీరు పక్కన నిలబడి చేయించండి.

స్ప్రింగులు సర్దుకోవడానికి 300–500 కి.మీ. తిరిగాక అలైన్‌మెంట్ చేయించండి. ఈ కారు వెనక మల్టీలింక్ సస్పెన్షన్‌లో క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలే కోణం), టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) రెండూ సర్దుకోవచ్చు. "ముందు టో ఒక్కటి చాలు సార్" అంటే ఒప్పుకోకండి. క్యాంబర్ ముందు, వెనక మైనస్ 1 నుంచి మైనస్ 1.5 డిగ్రీల మధ్య ఉంటే రోజువారీకి సరి. టైరు లోపలి అంచును త్వరగా తినేసేది క్యాంబర్ కన్నా టోనే.

మరో మాట: వాలడం ఒక్కటే మీ ఇబ్బంది అయితే వెనక యాంటీ రోల్ బార్ (రెండు వైపులనూ కలిపి వాలుడు తగ్గించే కడ్డీ) లావుది వేయించి చూడండి. ఎత్తు మారదు. ముందు చక్రాలు లాగే కారు మలుపులో బయటికి జారే గుణం కూడా తగ్గుతుంది. పెట్టే డబ్బుకి ఇంత తేడా చూపే భాగం మరొకటి లేదు.

ప్రశ్న: అదే కారుకి 19 అంగుళాల అలాయ్‌లు చూశాను. 8.5 అంగుళాల వెడల్పు, ఈటీ (ఆఫ్‌సెట్) 45, 235/35 టైర్లు. పడతాయా?
*– విజయవాడ పాఠకుడు*

జవాబు: పట్టడం వేరు, మన రోడ్ల మీద బతకడం వేరు. లెక్క చూడండి. ఫ్యాక్టరీ చక్రం 18×7.5, ఈటీ 51, టైరు 225/40 (వెడల్పు 225 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 40 శాతం). టైరుతో కలిపి దాని వ్యాసం 637 మి.మీ., మీరు చూసినదానిది 647. స్పీడోమీటరుకి ఆ తేడా పెద్ద లెక్క కాదు. ఆఫ్‌సెట్ దగ్గరే చిక్కు. అది చక్రం నడిమి గీతకీ హబ్‌కి ఆనే ముఖానికీ మధ్య మి.మీ.ల్లో దూరం. కొత్త చక్రం లోపలికి, అంటే షాకు వైపు దాదాపు 7 మి.మీ., బయటికి 19 మి.మీ. జరుగుతుంది. కారు కూడా దించి ఉంటే నిండు బరువుతో గుంతలో పడ్డప్పుడు వెనక మడ్‌గార్డ్ అంచు టైరును కోస్తుంది.

18×8, ఈటీ 45 అయితే షాకు వైపు మార్పు అర మిల్లీమీటరు కూడా లేదు, బయటికి 12 మి.మీ. వస్తుంది. చూపుకీ బాగుంటుంది, టైరు పక్కగోడ కూడా 90 మి.మీ. ఉంటుంది. 235/35 ఆర్19లో అది 82కి పడిపోతుంది. ఆ 8 మి.మీ. తేడాయే చాలాసార్లు రిమ్ వంకరపోవడానికీ పోకపోవడానికీ మధ్య అడ్డు. మేమైతే 18 దగ్గరే ఆగుతాం.

కొనేటప్పుడు చక్రం వెనకవైపు చూడండి. ఒక్క చక్రం మోయగల బరువు, జేడబ్ల్యూఎల్, వీఐఏ (జపాన్ అలాయ్ నాణ్యత గుర్తులు) ముద్రలు పోతలోనే ఉండాలి, స్టిక్కరు పనికిరాదు. జేడబ్ల్యూఎల్ తయారీదారు తనంతట తాను వేసుకోగలిగేది. వీఐఏ బయటి పరీక్ష దాటినదానికే. టైరు మోయగల బరువు చెప్పే లోడ్ ఇండెక్స్ కారు మీద రాసినదానికన్నా తగ్గకూడదు. 92 అంటే 630 కిలోలు, 91 అంటే 615.

బోల్టుల దగ్గర ప్రాణాల మీదికి తెచ్చుకునేవాళ్లున్నారు. కంపెనీ బోల్టు తల కింద గుండ్రంగా ఉంటుంది. బయట దొరికే అలాయ్‌లు ఎక్కువగా 60 డిగ్రీల కోను రకం. గుండ్రటి బోల్టు కోను గుంటలో సన్నటి గీత మీద మాత్రమే ఆనుతుంది. బిగింపు నిలవదు, రంధ్రం దగ్గర పగులు వస్తుంది. అలాయ్‌కి తగిన 14×1.5 బోల్టులే తీసుకోండి. చేత్తో తిప్పితే కనీసం తొమ్మిది చుట్లు లోపలికి దిగాలి. హబ్ కొలత 57.1 మి.మీ., అలాయ్ రంధ్రం అంతకన్నా పెద్దదైతే హబ్ రింగులు తప్పనిసరి. అవి లేకపోతే ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా వేగం అందుకోగానే స్టీరింగ్ వణుకుతుంది. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో 120 న్యూటన్ మీటర్లు, గాలి గన్నుతో కాదు. 100 కి.మీ. తిరిగాక మళ్లీ చూడండి.

ప్రశ్న: స్ప్రింగులు, షాకులు మార్పించాక నిలబడ్డ కారులో స్టీరింగ్ తిప్పితే 'టంగ్'మని చప్పుడొస్తోంది. షెడ్డులో "అలవాటవుతుంది" అంటున్నారు.
*– వరంగల్ పాఠకుడు*

జవాబు: అలవాటయ్యే చప్పుడు కాదది. ఒకరిని స్టీరింగ్ మెల్లగా తిప్పమని, మీరు ముందు చక్రం పైనుంచి స్ప్రింగు మీద అరచేయి ఆనించండి. వేళ్లు చుట్ల మధ్యకు పోనివ్వకండి. స్ప్రింగు మెలితిరుగుతూ ఉన్నట్టుండి జారి దూకితే చేతికి తెలుస్తుంది. టాప్ మౌంట్ బేరింగ్ తిరగడం లేదన్నమాట. అది పాతదై ఉండొచ్చు, తలకిందులుగా బిగించి ఉండొచ్చు. స్ప్రింగు కొస కింది గిన్నెలోని మెట్టుకి ఆనకుండా పైన కూర్చున్నా ఇలాగే అవుతుంది. గతుకుల్లో 'టక్ టక్' కూడా ఉంటే స్టెబిలైజర్ లింకు, ఆపైన టాప్ నట్టు చూపించండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. టొయోటా జీఆర్86, 18 అంగుళాల చక్రాలు, ఆఫీసుకి అదే. 17×9, ఆఫ్‌సెట్ 42, 245/40 టైర్లు వేయొచ్చా?
*– టెక్సస్ పాఠకుడు*

జవాబు: పడతాయి గానీ చక్రం బయటికి 25 మి.మీ., లోపలికి 13 మి.మీ. జరుగుతుంది. ముందు క్యాంబర్ మైనస్ 2 దాకా తేవాలి, దానికి క్యాంబర్ బోల్టులు కావాలి. వెనక క్యాంబర్ సర్దాలంటే వేరే ఆర్మ్‌లు కొనాలి. ఆఫీసుకి వెళ్లే కారుకి 17×8, ఆఫ్‌సెట్ 45, 225/45 హాయి. బోల్టుల అమరిక 5×100 (100 మి.మీ. వృత్తం మీద ఐదు), నట్టు 12×1.25, బిగింపు 120 న్యూటన్ మీటర్లు. మీ కారుతో వచ్చిన పైలట్ స్పోర్ట్ 4 వేసవి టైరు. చలి 7 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే దాని రబ్బరు బిగుసుకుంటుంది, మంచు గడ్డకట్టిన రోజున అసలు తీయొద్దు. కొత్త చక్రాలకి టైర్ ప్రెషర్ సెన్సర్లు కూడా బిగించి, కారుకి నమోదు చేయించండి. అక్కడి మాగ్నసన్–మాస్ చట్టం ప్రకారం బయటి భాగం వేశారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం తీసేయలేరు. అయితే ఆ భాగం వల్లే చెడిందని తేలితే ఆ మరమ్మతు ఖర్చు మీదే.

ప్రశ్న: ఇవన్నీ చేయిస్తే పోలీసులు పట్టుకుంటారా?
*– తిరుపతి పాఠకుడు*

జవాబు: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పాత షాకు స్థానంలో కొత్త షాకు వేయడం మరమ్మతే. మడ్‌గార్డ్ దాటి బయటికొచ్చిన చక్రం మాత్రం రోడ్డు మీద ఎవరికైనా కనిపిస్తుంది. అలాయ్‌లు, సస్పెన్షన్ వేయించగానే బిల్లులు జతచేసి ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి తెలియజేయండి. ఫ్యాక్టరీ స్ప్రింగులు, చక్రాలు అమ్మేయకుండా దాచి ఉంచండి. కారు అమ్మేటప్పుడు కొనేవాళ్లు ముందు అడిగేది వాటినే.