మగ్గం వర్క్‌లో మగ్గం ఎక్కడిది?

సందేహం: మాది పాత నల్లగొండ జిల్లా, పోచంపల్లి పక్క ఊరు. ఇంట్లో తరాలుగా గుంట మగ్గం మీద నేత పని. మొన్న హైదరాబాద్‌లో పాతకాలపు బట్టల ప్రదర్శనలో బంగారు తీగతో పూలూ లతలూ ఉన్న ఒక పట్టు అంగరఖా (పాతకాలపు పొడుగు అంగీ) చూశాం. కింద చీటీ మీద 'మగ్గం పని చేసిన పురాతన పట్టు వస్త్రం, 19వ శతాబ్ది' అని ఉంది. మా నాయినకు కోపమొచ్చింది. "ఇది సూదితోని కుట్టింది, మగ్గం మీద నేసింది కాదు, గిట్ల రాస్తరా?" అన్నాడు. ఆ మాట తప్పా, మా నాయిన పట్టుదల తప్పా?

సమాధానం: మీ నాయినది నేతగాడి కన్ను, ఆయనతో వాదం పెట్టుకోకండమ్మా. కానీ 'మగ్గం వర్క్' అనే మాట మాత్రం తప్పు కాదు. ఇవాళ మహబూబ్‌నగర్‌లోనో మిర్యాలగూడలోనో ఏ లేడీస్ టైలర్ దగ్గరికి పోయి పెళ్లి బ్లౌజుకు మగ్గం వర్క్ కావాలంటే నేత మగ్గం ఎవరికీ గుర్తుకు రాదు. కర్రల చట్రానికి బట్టను డప్పు తోలులా బిగించి, దాని పక్కన నేల మీద కూర్చుని, పై చేత్తో ఆరీ సూది (మొన దగ్గర కొక్కెం ఉండే సూది), కింది చేత్తో దారం పట్టుకుని చేసే కుట్టుపని అది. ఆ చట్రం వాలకం చూసి జనం మగ్గమన్నారు, తర్వాత దాని పేరే పనికీ వచ్చింది. ఉర్దూలో కూడా ఇదే కథ. ఈ చట్రాన్ని కార్‌చోబ్ అంటారు, ఫారసీలో కార్ అంటే పని, చోబ్ అంటే కర్ర. దాని మీద కుట్టింది కార్‌చోబీ.

ఇంకో తమాషా చెప్తాను. కృష్ణ దాటి, కృష్ణా తుంగభద్రల నడుమ ఉండే నడిగడ్డలోకి పోతే గద్వాల చీర ఉంది కదా, ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు, ఆ రెండూ కలిసే పనిని 'కుట్టు' అంటారు. అక్కడ సూదే ఉండదు! నూలు పేకకూ (అడ్డంగా నేసే దారానికి) పట్టు పేకకూ మగ్గం మీదే లంకె వేస్తారు. అంటే అక్కడ నేతకు కుట్టు అని పేరు, మన టౌన్లలో కుట్టుకు మగ్గం అని పేరు. రెండూ నిలబడ్డాయి, ఎవరికీ ఇబ్బంది లేదు.

మరి చీటీ సంగతి? అక్కడ నేను మీ నాయిన పక్షమే. బ్లౌజు కుట్టించుకునే మనిషికి అక్కర్లేని తేడా, పాత బట్ట ముందు నిలబడ్డవాళ్లకు కావాలి: ఆ బంగారం బట్టలోకి ఎట్లా వచ్చింది? కింఖాబు, అంటే జరీ పూల పట్టు నేత అయితే మగ్గం మీదే జరీ పేకగా పోయి పువ్వవుతుంది, దాన్ని మగ్గం పని అంటే అక్షరాలా సరి. జర్దోజీ అట్లా కాదు. బట్ట మగ్గం దిగిన తర్వాత దాని మీద బంగారు తీగలు, చెమ్కీలు పరిచి సన్నదారంతో పట్టి కుడతారు. తీగ పైపైనే ఉంటుంది, తిరగేస్తే ఆ సన్నదారం కుట్లే కనిపిస్తాయి. జర్ అంటే బంగారం, దోజీ అంటే కుట్టడం, మాటలోనే ఉంది. (ఇట్లాంటివి మన ఇండ్లల్లో ఎందుకు మిగల్లేదంటే, అసలు జరీ అంటే వెండి తీగకు బంగారు పూత పూసి దారానికి చుట్టింది. "పాత పట్టుచీరలు కొంటాం" అని గల్లీల్లో అరుచుకుంటూ వచ్చినవాళ్లకు అమ్మితే, కాల్చి వెండి తీసుకునేవాళ్లు.)

ఇట్లాంటి సూది పనిని కసీదా అన్నా బాగానే ఉంటుంది, కాకపోతే అదే తీరున వినిపించే ఉర్దూ పొగడ్త పద్యం వేరు. అల్లిక మాత్రం అనొద్దు. అల్లికకు అడుగున బట్ట అక్కర్లేదు, బుట్టా అల్లికే, స్వెటరూ అల్లికే.

'పురాతన' అన్నదాంతోనే నాకు అసలు పేచీ. పాలమూరుకు మహబూబ్‌నగర్ అనే ఇప్పటి పేరు ఎవరి వల్ల వచ్చిందో ఆ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1911లో పోయాడు, హైదరాబాద్‌లో పురానీ హవేలీ అనే నిజాముల పాత భవనంలో ఆయన బట్టల బీరువాలు హాలు పొడుగునా రెండంతస్తులుగా ఇప్పటికీ ఉన్నాయి. ఆయన కాలపు బట్ట పురాతనమైతే సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో దాదాపు రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ శిల్పాలను ఏమనాలి? శతాబ్ది రాశాక ఆ విశేషణమే దండగ. ఇక 'వస్త్రం' అనడం ఉత్త బద్ధకం, చీరా వస్త్రమే, తువ్వాలా వస్త్రమే. అంగరఖా అని రాస్తే అర్థం కాదని భయపడ్డారేమో, మనం రోజూ అనే అంగీ దాని చుట్టమే కదా, రెంటిలోనూ ఉన్నది 'అంగం'.

నన్ను రాయమంటే 'జర్దోజీ కుట్టిన పట్టు అంగరఖా, 19వ శతాబ్ది' అని రాస్తాను. చీటీ మార్చమని మీ నాయినను నిక్షేపంగా అడగమనండి. బ్లౌజుల షాపు బోర్డు జోలికి మాత్రం పోవద్దని చెప్పండి.