రాత్రి మెయిళ్లు పొద్దున దాకా టికెట్లు కావట్లేదా?

ప్రశ్న: రాణిగంజ్‌లో మాకు మోటార్ పంపుల షాపు ఉంది. కంప్లైంట్లు మెయిల్‌లో తప్పిపోతున్నాయని 2 జీబీ ర్యామ్, ఉబుంటు ఉన్న సర్వర్ అద్దెకు తీసుకుని, వచ్చిన ప్రతి కంప్లైంట్ మెయిల్‌నీ నంబరు వేసి ‘టికెట్’గా నమోదు చేసే ఓఎస్‌టికెట్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకున్నాం. రాత్రి వచ్చిన మెయిళ్లు, పొద్దున మావాళ్లెవరైనా లాగిన్ అయితే గానీ టికెట్లు కావడం లేదు. మా జవాబులేమో కస్టమర్ల స్పామ్‌లో పడుతున్నాయి. ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ జామ్యాడ్‌కి మారమంటారా?

జవాబు: వద్దండీ. జామ్యాడ్ మంచిదే, కానీ దానికే 4 జీబీ ర్యామ్ కావాలి. వెతుకులాటకి వాడే ఎలాస్టిక్‌సెర్చ్‌ని అదే సర్వర్‌లో పెడితే మరో 4 జీబీ. పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్‌తో నడిచిపోయే ఓఎస్‌టికెట్ మీ షాపుకి సరిపోతుంది.

మీ సర్వర్‌లో క్రాన్, అంటే చెప్పిన టైముకి పనిని దానంతటదే నడిపించే ఏర్పాటు, పెట్టినట్టు లేదు. మెయిళ్లు తెచ్చే పనిని ఓఎస్‌టికెట్ సెట్టింగ్స్‌లోని ‘ఆటో క్రాన్’కి వదిలేస్తే, సిబ్బందిలో ఎవరో ఒకరు ప్యానెల్ తెరిచినప్పుడే అది కదులుతుంది. రాత్రి ఎవరూ ఉండరు కాబట్టి మెయిళ్లు అలాగే పడి ఉంటాయి. ఓఎస్‌టికెట్‌లోని ‘ఏపీఐ’ (api) ఫోల్డర్‌లో ‘క్రాన్’ (cron) పేరుతో ఒక పీహెచ్‌పీ ఫైల్ ఉంటుంది. అది ఐదు నిమిషాలకోసారి నడిచేలా సర్వర్ క్రాన్‌ట్యాబ్‌లో (క్రాన్ పనుల జాబితాలో) ఒక లైన్ రాయండి. సర్వర్ మీద సర్వాధికారాలుండే ‘రూట్’ పేరు మీద కాదు, వెబ్ సర్వర్ యూజర్ పేరు మీదే రాయాలి. ఆ తర్వాత ఆటో క్రాన్ టిక్ తీసేయండి. రాత్రి పదింటికి మీ సొంత ఐడీ నుంచి ఒక మెయిల్ కొట్టి చూడండి, ‘మీ టికెట్ నంబర్ ఇది’ అని కాసేపట్లోనే జవాబు రావాలి.

స్పామ్ సంగతి వేరు. సర్వర్ నేరుగా పంపే మెయిళ్లను జీమెయిల్ లాంటివి అనుమానంగానే చూస్తాయి. అందుకే జవాబులు మీ మెయిల్ ప్రొవైడర్ ద్వారా వెళ్లేలా, వాళ్ల ఎస్‌ఎంటీపీని (మెయిళ్లు పంపే సర్వర్‌ని) ఓఎస్‌టికెట్‌లో 587 పోర్టు మీద సెట్ చేయండి. మెయిల్ నిజంగా మీ దగ్గర్నుంచే వచ్చిందని చూపించే ఎస్‌పీఎఫ్, డీకిమ్ (DKIM) రికార్డులు మీ డొమైన్‌కి ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. మెయిల్ ఖాతా జీమెయిల్‌దే అయితే మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు, టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, ఇలాంటి సాఫ్ట్‌వేర్ల కోసం గూగుల్ విడిగా ఇచ్చే యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి.

మీరు అడగలేదు గానీ, ఇన్‌స్టాల్ అయ్యాక ‘సెటప్’ ఫోల్డర్ డిలీట్ చేశారా? ఓఎస్‌టికెట్ సెట్టింగ్స్ ఉండే కాన్ఫిగ్ ఫైల్ పర్మిషన్‌ని 0666 (ఎవరైనా మార్చొచ్చు) నుంచి 0644కి (ఓనర్ మాత్రమే మార్చగలరు) తగ్గించారా? చాలామంది ‘పనిచేస్తోంది కదా’ అని అక్కడితో ఆపేస్తారు. బ్యాకప్‌లో డేటాబేస్‌తో పాటు ఆ కాన్ఫిగ్ ఫైల్ కూడా ఉండాలి. సేవ్ చేసిన మెయిల్ పాస్‌వర్డ్‌లను విప్పే రహస్య కోడ్ అందులోనే ఉంటుంది. అది పోతే వాటన్నిటినీ మళ్లీ ఎక్కించుకోవాల్సిందే.