కాఫీ పడదు, కాఫీ షాపు కావాలి

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఉద్యోగం మీద కడప నుంచి తిరుపతి వచ్చి ఐదు నెలలైంది. కేటీ రోడ్డు దగ్గర లేడీస్ హాస్టల్‌లో ఉంటున్నాను. ఆఫీసు నుంచి వచ్చాక గదిలో ఒక్కదాన్నే కూర్చుంటే పిచ్చెక్కినట్టుంటుంది. సందు చివర ఒక కాఫీ షాపు ఉంది. కిటికీ పక్క బల్ల, వచ్చేపోయే మనుషులు, ఆ వాసన, అన్నీ ఇష్టమే. కాఫీ మాత్రం పడదు. అర కప్పు తాగినా గుండె దడ, తెల్లవార్లూ జాగారం. ఒకరోజు ధైర్యం చేసి వెళ్లి వాటర్ బాటిల్ కొనుక్కుని కూర్చున్నాను. "కాఫీ ఏమివ్వమంటారు మేడం?" అని మూడుసార్లు అడిగేసరికి సిగ్గేసి పది నిమిషాల్లో లేచి వచ్చేశాను. కాఫీ తాగనిదాన్ని అక్కడికి రోజూ ఎలా వెళ్లాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మా చిన్నమ్మాయి కంటే చిన్నదానివి, నువ్వనే అంటానమ్మా. ఈ బాధ నేనూ పడ్డదే.

టీచరుగా చేసిన 31 ఏళ్లూ నాకు పొద్దున కాఫీ, ఇంటర్వెల్లో కాఫీ, సాయంత్రం పేపర్లు దిద్దుతూ కాఫీ. రిటైరయ్యాక యూనివర్సిటీ స్టేడియంలో వాకింగ్, అదయ్యాక మా ఐదుగురం బాలాజీ కాలనీ వైపు ఒక చిన్న హోటల్లో డబరా కాఫీ. తొమ్మిదేళ్ల కిందట కడుపులో మంట ఎక్కువై డాక్టరు కాఫీ మానమన్నారు. నేను కాఫీతోపాటు హోటలూ మానేశాను. వాకింగ్ అవ్వగానే ఇంట్లో పనుందని అబద్ధం చెప్పి ఆటో ఎక్కేదాన్ని. కాఫీ మానిన తలనొప్పి వారంలో తగ్గింది. ఎవరింట్లో సంబంధం కుదిరింది, మదనపల్లె మార్కెట్లో టమోటా ఎంత పలికింది అని మాట్లాడుకునే ఆ అరగంట మీద బెంగ మాత్రం నాలుగు నెలలైనా తగ్గలేదు.

ఐదో నెలలో సిగ్గు విడిచి వెళ్లాను. సర్వర్ పాత అలవాటు కొద్దీ కాఫీ తెచ్చి పెట్టాడు. "నాకొద్దు నాయనా, వేడి పాలు తీసుకురా, చక్కెర లేకుండా" అన్నాను. ఒకసారి నా మొహం చూసి "సరేక్కా" అని పోయాడు. అంతే! దానికా నేను నాలుగు నెలలు దాక్కున్నది? మూడు వారాలు తిరిగేసరికి నేను మెట్టెక్కుతుంటేనే లోపలికి కేక: "పాలక్క వచ్చింది!" ఆ పేరు ఇప్పటికీ పోలేదు.

నువ్వు కాఫీ తాగకపోవడం తప్పు కాదు, నీళ్ల బాటిలే తప్పు. దాని మీద షాపువాళ్లకి ఏం మిగులుతుంది? కుర్చీకి, ఏసీకి డబ్బులు ఎక్కణ్నుంచి రావాలి? వియన్నా కాఫీ హౌస్ సంస్కృతిని ఆస్ట్రియా 2011లో తన వారసత్వ జాబితాలో చేర్చుకుంది. అక్కడ మనుషులు వాడుకునేది టైమునీ చోటునీ, బిల్లులో పడేది మాత్రం కాఫీ ఒక్కటే అని చెప్పుకుంటారు. కేటీ రోడ్డులోనూ లెక్క అదే. కాబట్టి కాఫీ ఖరీదుకు తగ్గట్టు ఏదో ఒకటి చెప్పు.

అది ఏమిటన్నది నీ దడను బట్టి చూసుకోవాలి. టీలోనూ కెఫీన్ ఉంది, కాఫీలో ఉండేదానిలో సుమారు సగం. గ్రీన్ టీ, కోలా, హాట్ చాక్లెట్ కూడా పూర్తిగా అమాయకమైనవి కావు. డీకాఫ్, అంటే కెఫీన్ తీసేసిన కాఫీ అన్నా కాస్త మిగిలే ఉంటుంది. సాయంత్రం ఆరింటికి తాగిన కెఫీన్‌లో దాదాపు సగం రాత్రి పదకొండుకీ ఒంట్లోనే ఉంటుంది, నీ జాగారం అందుకే. చికోరీ కలిపిన కాఫీ ఏమీ చెయ్యదని ఎవరైనా అంటే నమ్మకు. చికోరీలో కెఫీన్ లేని మాట నిజమే, దాని పక్కనున్న కాఫీ పొడిలో ఉంది కదా! తమిళనాడు పక్కనే కాబట్టి మన ఊళ్లో సుక్కు కాఫీ కూడా దొరుకుతుంది. అంటే శొంఠి, ధనియాలు, మిరియాలు, బెల్లం. కొందరు అందులో కాఫీ పొడి అసలు వెయ్యరు, కొందరు వేస్తారు. అడిగి తాగు. బాదం పాలకీ నిమ్మరసానికీ ఈ గొడవ లేదు. ఇన్ని జాగ్రత్తలు పడ్డా దడ వస్తుంటే మాత్రం నన్ను కాదు, డాక్టర్ని అడగాలి.

మొదటి నెల టైము, బల్ల, ఆర్డరు మార్చకు. వాళ్లు మనిషిని గుర్తుపెట్టుకునేది ఆ మూడింటితోనే. ఎందుకు తాగరని అడిగితే "పడదు" అను చాలు. నేను మొదట్లో ఎండోస్కోపీ దాకా చెప్పుకొచ్చి, పక్క బల్లాయన కలబంద వైద్యం వారం రోజులు వినాల్సి వచ్చింది.

శనివారాలు, సెలవులు, తమిళుల పెరటాసి నెలంతా (సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తుంది) ఊరు యాత్రికులతో నిండిపోతుంది. పిల్లాపాపలతో జనం నిలబడి చూస్తుంటే కిటికీ బల్ల పట్టుకుని కూర్చోకు. ఒకసారి బ్రహ్మోత్సవాలప్పుడు వేరే చోట, పేరెందుకులే, గంటసేపు కూర్చున్నాను. "మేడం, పాలు అయిపోయినాయి కదా" అన్నాడు అక్కడి కుర్రాడు. అప్పుడు ఒళ్లు మండింది కానీ న్యాయం వాడిదే. ఇప్పుడు రద్దీ ఉంటే నేనే లేచి మా హోటల్లో క్యాష్ పక్కన స్టూలు మీదికి మారతాను.

ఇంకొకటి మర్చిపోయాను. పాలు చెప్పేటప్పుడు పైన పొడి చల్లొద్దని చెప్పు. చూడ్డానికి బాగుంటుందని చిటికెడు కాఫీ పొడి చల్లేస్తారు. నాకు రెండుసార్లు అయింది. రెండోసారి నేను చూసుకునేలోపే మా సర్వర్ గ్లాసు వెనక్కి తీసుకుపోయి, "అక్కకి పొడి వద్దని చెప్పినా కదరా!" అని కొత్త కుర్రాడి మీద అరిచాడు.