దుద్దులు ఉంచుకోండి, ఉంగరం తొందరపడి అమ్మకండి

ప్రశ్న: మాది తెనాలి. అమ్మ పోవడానికి ఏడాది ముందు తన ఒంటిరాయి వజ్రపుటుంగరం, ఏడురాళ్ల రవ్వల దుద్దులు నా చేతిలో పెట్టింది. ఉంగరం నాన్న 1996లో విజయవాడలో కొన్నారు. బిల్లు ఉంది: రాయి 1.04 క్యారెట్లు, మొత్తం 1,10,000 రూపాయలు. ఆ దుకాణం ఇప్పుడు లేదు. మా అమ్మాయి ఎం.టెక్.లో చేరుతోంది, నెల రోజుల్లో రెండున్నర లక్షలు కట్టాలి. ఇక్కడి షాపులో ఉంగరం రాయికి నగదైతే 1,15,000, వేరే నగ తీసుకుంటే 1,70,000 అన్నారు. రాయి అంచు కాస్త చిట్లిందట, సానపట్టిస్తే మంచి ధర వస్తుందట. దుద్దుల్లోవి బ్లూ జాగర్ రాళ్లని అమ్మమ్మ చెప్పేది. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు ముంబై తీసుకెళ్దామంటున్నాడు. నాకైతే దుద్దులు అమ్మేసి ఉంగరం ఉంచుకోవాలని ఉంది. ఏది అమ్మాలి, ఎక్కడ అమ్మాలి? పన్ను పడుతుందా? నాకు ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద ఏటా లక్షా ఇరవై వేలు వడ్డీ వస్తుంది, వేరే ఆదాయం లేదు. రాళ్లు లేని బంగారు గాజులు నాలుగున్నాయి.

జవాబు: అమ్మా, ముందు ఫీజు గడువుకీ ఉంగరం అమ్మకానికీ ఉన్న ముడి విప్పేయండి. నెలలో డబ్బు కావాలని కొనేవాడికి తెలిసిందంటే, రాయి చూడకముందే ధర తగ్గుతుంది. గాజులు బ్యాంకులో పెట్టి బంగారం అప్పు తీసుకోండి. రాళ్లున్న నగైతే బ్యాంకువాళ్లు రాళ్ల బరువు తీసేసి బంగారం బరువుకే అప్పిస్తారు. మీ గాజుల్లో తీసేయడానికి ఏమీ లేదు కాబట్టి అప్పుకి అవే నయం. అమ్మాయి పేరు మీద విద్యారుణానికి కూడా ఇవాళే అర్జీ పెట్టండి. బ్యాంకుల విద్యారుణ పథకంలో 4 లక్షల దాకా తాకట్టు అడగరు, తల్లో తండ్రో కలిసి సంతకం చేస్తే చాలు. అది మంజూరైతే గాజులు కూడా పెట్టక్కర్లేదు. అప్పుడు ఉంగరం సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు.

1996లో లక్షా పదివేలు పెట్టి కొన్న రాయికి ఇన్నేళ్ల తర్వాత లక్షా పదిహేను వేలే అంటే మోసంలా అనిపిస్తుంది. బంగారం అన్ని రెట్లు పెరిగితే వజ్రం ఎందుకు పెరగలేదని కూడా అనిపిస్తుంది. బంగారానికి రోజూ పేపర్లో ధర వస్తుంది. తెనాలిలో గ్రాము, ముంబైలో గ్రాము దాదాపు ఒకటే. వజ్రానికి అలాంటి ధర లేదు. ఒకే బరువున్న రెండు రాళ్లు రంగులో, లోపలి మచ్చల్లో తేడా వస్తే ఒకటి ఇంకోదాని ధరలో సగం కూడా పలకకపోవచ్చు.

షాపువాడి వైపు నుంచి కూడా చూడండి. మీ రాయిలాంటిది కావాలంటే, వజ్రాలు సానపట్టే సూరత్‌లోని వ్యాపారికి ఫోన్ చేస్తే సర్టిఫికెట్‌తో సహా వస్తుంది. డబ్బు రెండు మూడు నెలల తర్వాత ఇచ్చినా ఊరుకుంటారు, ఆ వ్యాపారమంతా అరువు మీదే నడుస్తుంది. అలాంటివాడు మీకు ఇవాళే నగదిచ్చి కొనాలంటే సూరత్ ధర కంటే బాగా తక్కువకి రావాలి. నాన్నగారు కట్టిన ధరలో షాపు లాభం, పన్ను, మజూరీ అన్నీ కలిసి ఉన్నాయి. అవేవీ తిరిగి రావు. దీనికి తోడు ల్యాబ్‌లో తయారయ్యే వజ్రాలు వచ్చాయి, వాటి ధరలు విపరీతంగా పడిపోయాయి. గని నుంచి తీసిన రాళ్ల ధరలు కూడా 2022 మొదట్లో ఉన్నంత లేవు.

కాబట్టి ఆ షాపువాడు మిమ్మల్ని మోసం చేస్తున్నాడని నేననను. ఆయన చెప్పింది రాయి ఏమిటో తేలకుండా చెప్పిన ధర. రంగు తాననుకున్నంత లేకపోతే? పగులు ఉండి దాన్ని గాజులాంటి పదార్థంతో నింపి ఉంటే? మధ్యలో ఎప్పుడో మరమ్మతుకిచ్చినప్పుడు రాయి మారిపోయి ఉంటే? ఇన్ని భయాలకీ కొంత కొంత తగ్గించుకుని చెప్పాడు. ఆ భయాలు తీర్చే కాగితం మీ చేతిలో ఉంటే బేరం ఇంకోచోట మొదలవుతుంది.

ఆ కాగితం జీఐఏ (జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా) అనే సంస్థ ఇచ్చే రిపోర్టు. వజ్రం రంగుని డి నుంచి జెడ్ దాకా కొలిచే పద్ధతి ఆ సంస్థదే, 1953 నుంచి ఉంది. ముంబైలో వాళ్ల ల్యాబ్ ఉంది. వేరే ల్యాబులూ ఉన్నాయి గానీ అన్నింటి కొలతా ఒకేలా ఉండదు. కొనేవాళ్లు వెంటనే నమ్మేది జీఐఏనే. ఖర్చు కొన్ని వేలు అవుతుంది. లక్ష దాటే రాయికి అది పెట్టాల్సిన ఖర్చే. ఇంకో మాట, ఆ రిపోర్టులో ధర ఉండదు. రాయి సహజమైనదా ల్యాబ్‌దా, బరువు, రంగు, స్వచ్ఛత, సాన తీరు, ఏదైనా చికిత్స చేశారా, అంతే ఉంటుంది. షాపుల్లో పెన్నులాంటి పరికరం రాయికి ఆనించి 'చూశారా, బీప్ వచ్చింది, అసలు వజ్రమే' అంటారు. ల్యాబ్ వజ్రానికీ ఆ బీప్ వస్తుంది. దాన్ని నమ్ముకుని ఏదీ తేల్చుకోకండి.

జీఐఏ విడి రాయినే తీసుకుంటుంది, ఉంగరంలో ఉన్నదాన్ని తీసుకోదు. అంటే రాయి ఊడదీయించాలి. నాకు అసలు భయం ఇక్కడే. గుంటూరు వైపు నుంచి ఒకావిడ కొన్నేళ్ల క్రితం నా దగ్గరికొచ్చింది. పాత నాణేల సంచిలోంచి ఉంగరం తీసి బల్ల మీద పెట్టింది. ఒక షాపులో 'ఉంచి వెళ్లండి, సాయంత్రం చూసి చెబుతాం' అన్నారట, ఉంచి వెళ్లింది. సాయంత్రం ఇచ్చినప్పటి నుంచి రాయి మసకగా కనిపిస్తోందట. 'రాయి మారిందా, నా కళ్లు మారాయా' అని అడిగింది. ఇచ్చేముందు బరువు రాయించలేదు, ఫోటో లేదు, రసీదు లేదు. షాపుని తప్పుపట్టడానికీ ఆధారం లేదు, తప్పులేదనడానికీ లేదు. ఆ ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

అందుకని మీరు ఇలా చేయండి. నమ్మకమైన కంసాలి దగ్గర ఎదురుగా కూర్చుని, రాయిని మీ కళ్ల ముందే తీయించండి. మిల్లీగ్రాములు చూపించే కాటా మీద పెట్టమనండి. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, కాబట్టి బిల్లులోని 1.04 క్యారెట్లు అంటే 208 మిల్లీగ్రాములు. కాటా ఆ అంకె దగ్గర ఆగిందంటే సగం బెంగ తీరినట్టే. ఆ అంకె కనిపించేలా ఫోటో తీయండి. భూతద్దం మీద ఫోన్ పెట్టి చిట్లిన అంచు ఫోటో కూడా తీసుకోండి. మీరు లోపమనుకుంటున్న ఆ చిన్న చిట్లు మీ రాయికి పుట్టుమచ్చ లాంటిది, ఇంకో రాయికి అదే చోట అదే ఆకారంలో ఉండదు. ఉంగరం బంగారం బరువు కూడా అప్పుడే విడిగా తూయించండి. రాయిని ల్యాబ్‌కి పంపేటప్పుడు బరువు రాసిన రసీదు తీసుకోండి. మామూలు కొరియర్‌లో మాత్రం వేయకండి.

చిట్లు ఉందని సాన మాత్రం పట్టించకండి. 1.04 క్యారెట్ల రాయిలో ఒక క్యారెట్ మీద మిగిలింది నాలుగు సెంట్లే (క్యారెట్‌లో నూరో వంతు ఒక సెంటు), అంటే ఎనిమిది మిల్లీగ్రాములు. అంచు సరిచేయబోయి 0.98కి దిగితే, క్యారెట్ దాటిన రాళ్ల వరసలోంచి దాటని రాళ్ల వరసలోకి జారిపోతుంది. అక్కడ క్యారెట్‌కి కట్టే ధరే వేరు. రెండు సెంట్లు తక్కువైతే రెండు సెంట్ల డబ్బు పోవడంతో ఆగదు, రాయి మొత్తం మీద ధర పడిపోతుంది. ఆ చిట్లుతోనే అమ్మండి. సాన పట్టాలా వద్దా అన్నది కొన్నవాడు చూసుకుంటాడు.

రిపోర్టు చేతికొచ్చాక ఎక్కడ అమ్మాలన్నదానికి నేను మొదట చెప్పేది బజారు కాదు, బంధువులు. మీ వైపు ఎవరింట్లోనైనా పెళ్లి ఉంటే, వాళ్లు అలాంటి రాయినే షాపులో కొనబోతుంటే, వాళ్లు షాపుకి కట్టే ధరకీ షాపు మీకిచ్చే ధరకీ మధ్య చాలా జాగా ఉంది. నడుమన ఎక్కడో కుదిరితే ఇద్దరికీ లాభమే. అదే నాణ్యత ఉన్న, రిపోర్టు ఉన్న రాయిని రెండు షాపుల్లో వాళ్లనే అడిగి తెలుసుకోమనండి, అప్పుడు మీ ధర మీద వాళ్లకి అనుమానం ఉండదు. అయినవాళ్లని మొహమాటపడి డబ్బు తర్వాత తీసుకుందామనుకోవద్దు. ఉంగరం ఇచ్చే రోజే డబ్బు ఖాతాలో పడాలి. వజ్రం అచ్చిరావాలని మూడు రాత్రులు ఇంట్లో పెట్టుకుని చూసే అలవాటు చాలామందికి ఉంది. అలా అడిగితే బేరానికి ముందే ఇవ్వండి, రాయించుకుని ఇవ్వండి. కొన్నాక వెనక్కి తేవడం ఉండకూడదని ముందే అనుకోండి.

అలాంటివాళ్లెవరూ దొరక్కపోతే విజయవాడలో రెండు షాపులు, హైదరాబాద్‌లో రెండు మూడు తిరగండి. సికింద్రాబాద్ పాట్ మార్కెట్ వైపు పాత నగలు కొనేవాళ్లున్నారు, తమ్ముణ్ని తోడు తీసుకెళ్లండి. ప్రతిచోటా రిపోర్టు చూపించి ఒకే ప్రశ్న వేయండి: 'రాప్ మీద ఎంత తగ్గించి తీసుకుంటారు?' రాపాపోర్ట్ అని వజ్రాల వ్యాపారులు చూసుకునే ధరల పట్టిక వారం వారం వస్తుంది, డాలర్లలో ఉంటుంది. మీ రాయిలాంటివి ఆ ధర కంటే తక్కువకే చేతులు మారతాయి, ఎంత తక్కువకి అన్నదే బేరం. ఒకరు ఇరవై వేలనీ ఇంకొకరు ముప్పై వేలనీ పెంచుతూ పోతే ఎవరిది మంచి ధరో మీకు తెలియదు. శాతంలో అడిగితే అందరి ధరలూ పక్కపక్కన పెట్టుకోవచ్చు. ముంబై దాకా ఈ ఒక్క రాయి కోసం వెళ్లకండి. అక్కడి జవేరీ బజార్‌లో మిమ్మల్ని ఎరిగినవాళ్లు లేరు, రానుపోను ఖర్చులు, రాయి వెంట పెట్టుకుని తిరిగే భయం పోగా మిగిలేది పెద్దగా ఉండదు. వేలం సంస్థలు చాలా పెద్ద రాళ్లకీ, చరిత్ర ఉన్న నగలకీ. ఆన్‌లైన్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్లకి అమ్మడం వద్దే వద్దు.

షాపువాడు చెప్పిన 1,70,000 సంగతి. ఆ డబ్బుతో నగే కొనాలి, ఆ నగకి తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ మళ్లీ మీరే కట్టాలి. ఫీజు కట్టాల్సిన మనిషికి అది ధరే కాదు.

ఇక దుద్దులు. మీరు అమ్మాలనుకుంటున్నవి ఇవే, నేను ఉంచుకోమంటున్నవీ ఇవే. రెండు చెవులకీ కలిపి 14 రాళ్లు, ఒక్కోటి పది పన్నెండు సెంట్లు ఉంటుందేమో. అంత చిన్న రాళ్లకి ఒక్కోదానికీ రిపోర్టు తీయించడం దండగ, ఖర్చు కూడా రాదు. కొనేవాడు వాటిని విడివిడిగా చూడడు, పొట్లంలో పోసి గంపగుత్తగా ధర కడతాడు. అమ్మమ్మ కాలపు సాన ఇప్పటి సానలా ఉండదు, మళ్లీ సానపట్టాలంటూ ఇంకా తగ్గిస్తాడు. వెనక మూసేసిన కట్టుడు అయితే రాళ్లు తీశాక ఇంకా చిన్నగా కనిపిస్తాయి. చివరికి మీ చేతికొచ్చేది దాదాపు బంగారం డబ్బే.

బ్లూ జాగర్ అన్న మాట కొట్టిపారేయలేను. దక్షిణాఫ్రికాలో జాగర్స్‌ఫాంటేన్ గని ఉండేది, నీలిఛాయ ఉన్న తెల్లరాళ్లకి పేరు, ఆ పేరే మన వైపు బ్లూ జాగర్ అయింది. అమ్మమ్మ చెప్పింది నిజమే అయి ఉండొచ్చు. నోట్లు చూసే నీలిలైటు కింద చీకట్లో ఆ దుద్దులు పెట్టి చూడండి, కొన్ని రాళ్లు నీలంగా వెలగొచ్చు. అలా వెలిగినంత మాత్రాన అవి ఆ గనివేనని కాదు, వేరేచోటి రాళ్లూ వెలుగుతాయి. పైగా మన అమ్మమ్మలు ముచ్చటపడిన ఆ నీలిఛాయ మరీ గాఢంగా ఉంటే ఇవాళ్టి వ్యాపారి తెల్లరాళ్లకి ధర తగ్గిస్తాడు. బజారు విలువ కట్టని ఆ గుణం మీ ఇంట్లోనే ఉండనివ్వండి. అమ్మాయి పెట్టుకుంటుంది.

తమ్ముడితో ఒక విషయం ఇప్పుడే తేల్చుకోండి. అమ్మగారు బతికుండగా చేతికిచ్చారు కాబట్టి ఇవి మీవే. కానీ ఆ మాట కాగితం మీద లేదు. వీలునామా లేకుండా తల్లి పోతే ఆమె ఆస్తిలో కొడుకుకీ కూతురికీ సమానంగా వాటా ఉంటుంది. అతను మంచివాడే, మీకోసం ముంబై దాకా వస్తానంటున్నాడు. ఆ మంచితనం ఉన్నప్పుడే, ఈ నగలు అమ్మ అక్కకి ఇచ్చిందని తెలుసు, అభ్యంతరం లేదని నాలుగు ముక్కలు రాయించి సంతకం తీసుకోండి. అడగడానికి మనసొప్పదని తెలుసు. అయినా అడగండి.

పన్ను గురించి మీకు బెంగ అక్కర్లేదు. తల్లి ఇచ్చిన నగకి తీసుకున్నప్పుడు పన్ను లేదు. అమ్మినప్పుడు నాన్నగారు కొన్న ధరే మీ కొనుగోలు ధర, ఆయన కొన్న తేదీ నుంచే లెక్క. 24 నెలలు ఎప్పుడో దాటాయి కాబట్టి ఇది దీర్ఘకాలిక లాభం, 12.5 శాతం పన్ను, ధరల పెరుగుదలకి తగ్గట్టు కొన్న ధరని పెంచి చూపే పాతకాలపు ఇండెక్సేషన్ 2024 జూలై 23 నుంచి లేదు. 2001 ఏప్రిల్ 1 నాటి విలువ ఇంకా ఎక్కువని తేలితే దాన్నే కొనుగోలు ధరగా చూపించుకునే వీలుంది, దానికి రిజిస్టర్డ్ వాల్యుయర్ (ప్రభుత్వ గుర్తింపుతో విలువ కట్టే మనిషి) కాగితం కావాలి. మీ విషయంలో నాన్నగారి బిల్లు చాలు. ఉదాహరణకి రాయీ బంగారమూ కలిపి 2,20,000 వచ్చాయనుకుందాం. లాభం 1,10,000. వడ్డీ 1,20,000 కలిపినా 2,30,000. కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు, మీ ఆదాయం నింపని ఆ మిగతా జాగాలోకి ఈ లాభం సర్దుకుంటుంది. కట్టాల్సింది సున్నా. ఇదే ఉంగరం బాగా జీతం వచ్చే మనిషి అమ్మితే సెస్సుతో కలిపి 14,300 అయ్యేది. అందుకే అమ్మకం మీ పేరు మీదే జరగాలి, డబ్బు మీ ఖాతాలోనే పడాలి.

నగదు తీసుకోకండి. ఒక్క లావాదేవీలో 2 లక్షలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నంతా జరిమానా పడుతుంది. అంతకంటే తక్కువైనా బ్యాంకు ద్వారానే తీసుకోండి. కొన్నవాడు ఇచ్చే కాగితంలో 'పాత ఉంగరం ఒకటి' అని ఒక్క ముక్కతో ముగిస్తే ఒప్పుకోవద్దు. రాయి బరువు, రిపోర్టు నంబరు, రాయికి ఎంత, బంగారం నికర బరువెంత, దానికెంత, విడివిడిగా రాయించండి. ఆ కాగితం, నాన్నగారి 1996 బిల్లు, తమ్ముడి సంతకం మూడూ ఒకే కవరులో పెట్టుకోండి.