సున్నపుకాయను వదిలేసి కొండెక్కావు

తిరుపతి

చిరంజీవికి,

నిదానంగా జరిగే మార్పుల మీద నువ్వు రాసి పంపిన పదకొండు పేజీల వ్యాసం అంది మూడు వారాలైంది. మొదటి పేజీ చదివి కోపమొచ్చి టీవీ మీద పడేశాను. నిన్న సాయంత్రం కరెంటు పోతే వసారాలో కూర్చుని మళ్ళీ తీశాను. ఏడో పేజీ దగ్గర ఆగిపోయాను. అందుకే ఈ ఉత్తరం.

ముందు కోపం సంగతి తేల్చుకుందాం. తిరుమల కొండ రాళ్ళ వయసు కార్బన్ డేటింగ్‌తో కనిపెట్టారని రాశావు. నాయనా, కార్బన్-14 అనే ఒక రకం కార్బన్ ఎంత మిగిలిందో చూసే ఆ లెక్క ఒకప్పుడు ప్రాణం ఉన్నవాటికే. చెట్టు, ఎముక, నూలుగుడ్డ, ఇలాంటివి. ప్రాణం పోయిన నాటి నుంచి ఆ కార్బన్ తరగడమే కానీ కొత్తగా చేరడం ఉండదు. యాభై వేల ఏళ్ళు దాటితే కొలవడానికి దాదాపు ఏమీ మిగలదు. మన ఘాట్ రోడ్డు పక్కన కనిపించే రాళ్ళు జియలాజికల్ సర్వే వాళ్ళ లెక్కలో కిందివి 210 కోట్ల ఏళ్ళు దాటినవి, వాటి నెత్తిన కూర్చున్న నగరి క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి 160 కోట్ల ఏళ్ళది. అంత పాత రాళ్ళ దగ్గర యురేనియం సీసంగా మారడం లాంటి నిదానపు లెక్కలు కావాలి.

రెండోది ఇంకా ఘోరం. కార్బన్-14 5730 ఏళ్ళకు సగం పోతుందట, ఇంకో 5730 ఏళ్ళకు మిగిలిన సగమూ పోయి సున్నా అవుతుందట! ఇంట్లో కొండ లడ్డు ఉందనుకో. ఈరోజు సగం తిన్నావు. రేపు తినేది మిగిలినదాంట్లో సగం. ఎల్లుండి ఆ మిగిలినదాంట్లో సగం. పదిసార్లు ఇలా చేసినా వెయ్యో వంతు చేతిలో ఉంటుంది. అది నీకు తెలియక కాదు, అంకెలు పేర్చే తొందరలో చూసుకోలేదు.

భాష బాగుంది. ఆ మాట అయిపోయింది.

ఇక ఏడో పేజీ, మీ అవ్వ తాంబూలపు సున్నం దాచుకున్న డబ్బీ సంగతి. "జేజి పోయిన ఏడాదికి ఆమె సున్నపుకాయ మూత తీసి చూస్తే లోపలి సున్నం రాయైపోయి ఉంది. గోరు దిగలేదు." ఈ రెండు వాక్యాలు రాసి ఏం చేశావు? పేరా మార్చి, యురేనియం-238 అర్ధాయువు, అంటే సగానికి తరగడానికి పట్టే కాలం, 447 కోట్ల ఏళ్ళు అంటూ కొండెక్కేశావు. ఇంటి గడపలో దొరికినదాన్ని వదిలేసి!

ఆ కాయలో ఏం జరిగిందో అడగాలని నీకెందుకు అనిపించలేదు? జేజి ఉన్నన్నాళ్ళూ రోజూ చుక్క నీళ్ళు పోసి, కలిపి, మూత బిగించి ఉంటుంది. అందుకే అది సున్నంగా ఉండింది. ఆమె పోయాక నీళ్ళు పోసే చెయ్యి లేదు. తడి ఆరుతూ ఉంటే మూత సందులోంచి గాలి దూరింది. గాలిలో ఉన్న ఆ కాస్త కార్బన్ డయాక్సైడును సున్నం పట్టుకుని, కొంచెం కొంచెంగా కాల్షియం కార్బొనేటుగా మారింది. అంటే సున్నపురాయి. బట్టీలో కాల్చి సున్నం చేయకముందు అది ఏ రాయిగా ఉండిందో మళ్ళీ ఆ రాయే అయింది. ఇంత పెద్ద తిరుగు ప్రయాణం మీ ఇంటి గూట్లో జరిగితే నువ్వు యురేనియం దగ్గరికి ఎందుకు పరుగెత్తావు?

నా మొండిపట్టు ఒకటుంది, ఇష్టమైతే విను. చేతికి తగిలే వస్తువు ఒకటి పాఠకుడికి ఇచ్చేదాకా ఏళ్ళ లెక్క చెప్పకూడదు. కోటి అన్నా వంద కోట్లు అన్నా చదివేవాడికి ఒకటే, రెండూ "చాలా" అనే వినిపిస్తాయి. "యుగయుగాలు", "కోటానుకోట్లు", "అనంతకాలం" నీ వ్యాసంలో పద్నాలుగు చోట్ల ఉన్నాయి, పెన్సిల్‌తో లెక్కపెట్టాను. అన్నీ కొట్టెయ్. ఈ మధ్య ప్రతి సైన్సు వ్యాసమూ విశ్వం పుట్టుకతోనే మొదలవుతోంది. పాలు ఎందుకు విరుగుతాయో చెప్పడానికి కూడా మహావిస్ఫోటమే!

ఈ పట్టు నాకు ఊరికే రాలేదు. ఎనభైల్లో ఒక కాలేజీ ల్యాబులో డిమాన్‌స్ట్రేటరుగా ఉండేవాణ్ణి. చంద్రగిరి దగ్గర మా తాత కట్టించిన ఇంటికి కొత్త వాకిలి పెట్టాలని గోడ పగలగొట్టారు. గానుగ సున్నం గోడ, బెల్లం, కరక్కాయ నీళ్ళు పోసి కట్టింది. అప్పటికి అరవై ఏళ్ళు. నేను ల్యాబు నుంచి, సున్నం తగిలితే గులాబీ రంగు తేలే ఫినాఫ్తలీన్ మందు సీసా తెచ్చి, అప్పుడే విరిగిన ముఖం మీద చుక్కలు వేశాను. బయటి వైపు రంగు రాలేదు, అంతా రాయైపోయింది. నడిమధ్య మాత్రం గులాబీ రంగు తేలింది. అంటే అక్కడ సున్నం ఇంకా సున్నంగానే ఉంది. తాత పోయి ముప్పై ఏళ్ళైనా ఆయన గోడ ఇంకా పూర్తి కాలేదు. మేస్త్రీ "ఏంది సార్ గోడకు రక్తమొస్తాంది" అన్నాడు. ఆ తర్వాత చంద్రగిరి కోటలోని రాజమహల్‌కు ఎప్పుడు వెళ్ళినా, కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో లేపిన ఆ గోడల నడుమ ఇంకెంత మిగిలి ఉందో అనుకుంటాను. అక్కడ పగలగొట్టనివ్వరు, పగలగొట్టనివ్వకూడదు కూడా.

ఆ గోడ గురించి రాసి ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు గోడంతా తీసేశాడు. "మా పాఠకులకు మీ తాత ఎందుకండీ, సమాచారం ఇవ్వండి" అని కార్డు రాశాడు. సరే అని యురేనియం మీద రాసిస్తే, జాగా చాలక "కోట్ల" అనే మాట ఎగరగొట్టి "447 ఏళ్ళు" అని అచ్చేశాడు. ఒక్క పాఠకుడు కూడా ఉత్తరం రాయలేదు! అదే నాకు ఎక్కువ బాధ. 447 అయినా 447 కోట్లయినా వాళ్ళకు తేడా పడలేదు. ఆయన ఇప్పుడు లేడు కాబట్టి ఇంతకంటే అనను.

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ తారు ప్రయోగాన్ని రసాయన చర్యల్లో కలిపేశావు. అది చర్య కాదు, ఉత్త కారడం. గరాటులో తారు పోసి 1927లో మొదలుపెట్టారు. 1930లో గరాటు అడుగు కోశారు. మొదటి చుక్క పడడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. ఈ లెక్కలన్నీ రాశావు కానీ మనిషిని వదిలేశావు. జాన్ మెయిన్‌స్టోన్ అని ఒక ప్రొఫెసర్ దశాబ్దాల పాటు దాన్ని కాచుకున్నాడు. 1988లో ఏదో తాగడానికి కాసేపు అవతలికి వెళ్తే ఆ కాసేపట్లోనే చుక్క పడింది. 2000లో కెమెరా పెడితే కెమెరా మొరాయించింది. 2013 ఆగస్టులో ఆయన పోయాడు. తర్వాతి చుక్క 2014 ఏప్రిల్‌లో పడింది. పదేళ్ళకో చుక్క అంటే ఏమిటో నాకు తెలిసింది ఆయన దాహం వల్లే.

ఏ పత్రికకు పంపాలి, కలంపేరు పెట్టుకోవాలా, వ్యాసమా కథా అని చాలా అడిగావు. కలంపేరు సంగతి తర్వాత. కొండనూ తారునూ యురేనియాన్నీ పక్కన పెట్టి, ఆ రెండు వాక్యాల నుంచి మళ్ళీ మొదలుపెట్టు. జేజి సున్నం ఎక్కడ కొనేది, ఏ వేలితో తీసేది, ఆమె పోయాక ఆ కాయను ఎవరు ఎక్కడ పెట్టారు, ఇవి కనుక్కో. మీ అమ్మను అడుగు.

పలమనేరు నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి ఇక్కడుంటావు. ఒకసారి రా, భోజనం ఇక్కడే. వచ్చేటప్పుడు ఆ కాయ తీసుకురా. ఫినాఫ్తలీన్ సీసా అడుగున నాలుగు చుక్కలు ఉండాలి. ఆ ముద్ద నడుమ ఇంకా సున్నం మిగిలి ఉందేమో. చూడాలంటే పగలగొట్టాలి మరి. ఆ పని చెయ్యాలో వద్దో మీ అమ్మను కూడా అడిగి రా.

ఆశీస్సులతో,
మీ సారు